రెండో సభ

“అన్నా, ఇయాల్టికి మూడొద్దులు. నా మొగం చూసన్నా ఇంత అంబలి తాగు.”

చెంబు రెండు చేతులా పట్టుకుని వెంకమ్మ అరుగు కింద నిలబడింది. అరుగు మీద ముత్తయ్య గొంగడి భుజాల మీదికి లాక్కున్నాడే గాని చెల్లెలి వైపు తిరగలేదు. పొద్దెక్కుతున్నా పొగమంచు జగదల్‌పూర్ వీధిని వదల్లేదు. కట్టెల బళ్ళు కంటికి కనబడకముందే వాటి ఇరుసుల చప్పుడు చెవిన పడుతోంది.

“నీ మొగం చూసే ఈడ కూసున్న ఎంకమ్మా. లేకుంటే ఏ సత్రంలనో పడుందును. నీ మీద నాకు కోపం లేదు. ఈ ఇంటి గింజ మాత్రం నా గొంతు దిగదు.”

మెట్టు మీద కూర్చున్న మాడ తల వంచుకున్నాడు. దోర్ల తెగ మనిషి. ఇప్పవాగులో ముత్తయ్య చేను పక్కనే అతని చేను. ఇద్దరూ కలిసే కొంటా అనే ఊరి మీదుగా ఇంత దూరం వచ్చారు. ముత్తయ్య తిండి మానేసిన మొదటి పూట మాడ కూడా మానేశాడు. రెండో పూటకి ఆకలికి ఆగలేక వంటింటి గుమ్మంలో కూర్చుని తిన్నాడు. అప్పటినుంచి ముత్తయ్య ముఖంలోకి చూడలేకపోతున్నాడు.

మూడు రోజుల క్రితం దాకా ఈ ఇంట్లో అందరూ కలిసే తిన్నారు. ముత్తయ్య చెల్లెలింటికి చుట్టపుచూపుగా రాలేదు. రెండో సభ నాడు ఊరి తరఫున కచేరీలో నిలబడడానికి వచ్చాడు. ఆ కచేరీ బయటే ఒక ముసలి గుమాస్తా పొడుం పీలుస్తూ, మాట వరసకన్నట్టు అన్నాడు: “మీ ఊరి పేరు పట్టీలో లేకపోవడమేమిటయ్యా? ఆ పట్టీ రాసింది మీ బావేగా!”

అంతవరకూ ముత్తయ్యకి ఆ సంగతి తెలియదు.

వెంకమ్మకి తెలుసు.

లోపల గడియ తీసిన చప్పుడైంది. మూడు రోజులుగా పెరటి తలుపు గుండా కచేరీకి వెళ్ళి, పెరటి తలుపు గుండానే తిరిగి వస్తున్న రామనర్సయ్య ఆ వేళ వీధి తలుపు తీశాడు. నల్లకోటు గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలో ఆగాడు. గుండీ ఒకటి తప్పి పక్క కాజాలో పడింది. అతను చూసుకోలేదు.

“బావా, పన్నెండు రోజులే ఉన్నయి. రెండో సభ కూచుంటది, మీ ఊరి పేరు ఎక్కుతది. అప్పుడు నన్ను నాలుగు తిట్టు, పడ్త. ఇట్ల తిండి మాని ఏం సాధిస్తవు?”

ముత్తయ్య మొదటిసారి తలెత్తాడు.

“ఒక్క ఊరి పేరు రాయనీకి రెండు సభలెందుకు బావా?”

“ఎన్నిసార్లు చెప్పిన! అది మామూలు హుకుం కాదు. రాజ్యశాసనం. దాంట్ల ఒక్క అక్షరం మార్చాలన్నా ఒక పద్ధతుంది. సభ కూచోని మూడు పాళ్ళల్ల రెండు పాళ్ళ మంది చేతులెత్తాలె. ఆర్నెల్లు ఆగాలె. మళ్ళ కూచోవాలె, మళ్ళ అంతమందీ ఎత్తాలె. అప్పుడే దర్బారు ముద్ర పడేది.”

“ఆ ఆర్నెల్లు ఎందుకు?”

“తొందరపడి ఎవ్వరూ మార్చకుండ. ఇయాల మీ మేలుకు మార్చినోళ్ళే రేపు మీ కీడుకూ మార్చొచ్చు. అందుకని మార్చే దారి గట్టిగ పెట్టిండ్రు.”

“మార్చే కాడ గట్టిగున్నరు. రాసే కాడ లేకపోయిండ్రు.”

రామనర్సయ్య తలపాగా చుట్టుకోసాగాడు.

“మా ఊర్ల కట్టు మార్చాల్నంటే పెద్దలంతా ఒక్కకాడ కూసుంటరు,” అన్నాడు ముత్తయ్య, మాడ వైపు చెయ్యి చూపిస్తూ. “ఒద్దన్నోడు ఒక్కడుంటే, ఆణ్ని ఒప్పించిందాంక ఎవ్వరూ లేవరు. ఒక పూట పట్టొచ్చు, మూడు పూటలు పట్టొచ్చు. ఆర్నెల్లు మాత్రం పట్టదు. ఎందుకంటే, అది తేలిందాంక ఎవ్వరూ ఇంటికి పోరు. మీ సభ చేతులెత్తి ఇండ్లకు పోయింది. ఈ ఆర్నెల్లల్ల మా ఇండ్లు ఆరు పీకిండ్రు జంగ్లాతోళ్ళు. పుష్యమాసం ఎల్లేసరికి మిగిలినయి కూడ పీకుతమని చెప్పి పోయిండ్రు.”

“రెండో సభ అయితే ఎవ్వరూ పీకలేరు బావా.”

“పట్టీ రాసింది నువ్వే అని ఒక్కనాడన్న చెప్పితివా?”

“అన్నా—” అంది వెంకమ్మ.

“నువ్వాగు. నేను మా బావను అడుగుతున్న.”

రామనర్సయ్య భార్య వంక ఒకసారి చూశాడు. మెట్లు దిగి, మాడని దాటుకుని, పొగమంచులోకి వెళ్ళిపోయాడు. తప్పుగా పెట్టుకున్న గుండీతోనే.

వెంకమ్మ అంబలి చెంబు అరుగు మీద, అన్న చెయ్యి అందేంత దూరంలో పెట్టి లోపలికి నడిచింది.

ఆ సంస్థానపు రాజ్యశాసనం పుట్టి రెండేళ్ళు కాలేదు. అందులో పధ్నాలుగో ధార, అంటే పధ్నాలుగో సెక్షను, ఒకటుంది. అడవి అంచున పన్నెండేళ్ళుగా సాగు చేసుకుంటున్న వాళ్ళని అక్కడినుంచి లేపకూడదని దాని సారం. అది ఏయే ఊళ్ళకి వర్తిస్తుందో చెప్పే పట్టీ శాసనం చివర కుట్టారు. హిందీలో ఉన్న శాసనాన్ని కొంటా తాలూకా వాళ్ళ కోసం తెలుగులో పెట్టడం, ఆ తాలూకా ఊళ్ళ పట్టీకి శుభ్రప్రతి రాయడం తెలుగు తర్జుమా గుమాస్తా రామనర్సయ్య పని. ఆ పట్టీలో చింతలనార్ ఉంది. దాని కిందే కిష్టారం ఉంది. రెండింటికీ మధ్య రావలసిన ఇప్పవాగు లేదు.

నలభై ఇళ్ళ ఊరు. పేరు లేదు కనక అటవీశాఖ జంగ్లాతు వాళ్ళ లెక్కలో ఆ ఊరు అడవే.

*

మధ్యాహ్నం వెంకమ్మ పెరట్లో ఉలవలు చెరుగుతుంటే బజారు వైపు నుంచి డప్పు వినబడింది. పెళ్ళి డప్పు కాదు. నాలుగు దెబ్బలు, ఆగడం, మనిషి గొంతు, మళ్ళీ నాలుగు దెబ్బలు. ముందు అక్కడి హల్బీ భాషలో, తరవాత హిందీలో ఏదో చాటుతున్నారు.

హల్బీ వచ్చిన మాడ లేచి వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు అతని ముఖం, వినకూడనిది విన్నవాడిలా కాక, విన్నది అర్థం కానివాడిలా ఉంది.

“రాజ్యం కలుస్తదంట అన్నా.”

“దేంట్ల కలుస్తది?” అన్నాడు ముత్తయ్య.

“నాగపూరు సర్కారుల. ఇంగిలీసు ఏడాది మారే దినం కాన్నుంచి అంట. ఇంక ఆరు దినాలు.”

“కలిస్తే కలవనీ. మనకేమాయె?”

“ఏమో మరి. డప్పాయన కండ్ల నీళ్ళు పెట్టుకుండు.”

చేట పక్కన పెట్టి వెంకమ్మ లేచింది. ఆరు దినాలు. పొద్దున భర్త పన్నెండు రోజులన్నాడు. ఆమెకి చదువు రాదు. ఆరు కన్నా పన్నెండు పెద్దదని తెలియడానికి చదువు అక్కర్లేదు.

అప్పుడే రామనర్సయ్య వచ్చాడు. కచేరీ మొదలైనాక సాయంత్రం కాకుండా అతను ఇల్లు చేరడం అరుదు. తలపాగా చేతిలో ఉంది. అరుగు ముందు నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, కచేరీలో పైనుంచి వచ్చిన కాగితం చదివి వినిపించినట్టు చెప్పాడు.

“సభ కూచోదు.”

“ఎప్పటికి జరిపిండ్రు?”

“జరపలేదు బావా. ఇంక సభే లేదు. రాజ్యం లేనంక రాజ్యశాసనం ఎక్కడిది? శాసనం లేనంక సభ ఎక్కడిది?”

ముత్తయ్య చేలో నీళ్ళు ఎటు పోతున్నాయో చూసేవాడిలా, ఓపికగా, ఒక్కొక్క మాటే వెంట నడిచాడు.

“శాసనం పోతే పట్టీ కూడ పోయినట్టే గదా. అందరికీ లేనట్టే గదా?”

“కాదు. నాకూ మొదట అట్లనే అనిపించింది. పెద్ద మున్షీని అడిగిన. ఆ తేదీకి పట్టీల ఏ ఊళ్ళున్నయో ఆ ఊళ్ళ సాగు హక్కులు కొత్త సర్కారు ఒప్పుకుంటదట. పట్టీ ఉన్నదున్నట్టు పోతది. దాన్ని మార్చే దారే పోయింది.”

“మొదటిసారి చేతులెత్తిరి గదా?”

“సగం సవరణ సవరణ కాదు బావా.”

“కొత్తోళ్ళు రాయరా?”

“రాయొచ్చు. దరఖాస్తు పెట్టాలె. వాళ్ళ పద్ధతేందో, వాళ్ళ సభేందో, ఎన్నేండ్లు పడుతదో... ఇప్పుడు కచేరీల ఎవ్వనికీ తెల్వదు. పుష్యమాసం లోపు మాత్రం కాదు.”

వీధిలో డప్పు దూరమైంది. ముత్తయ్య లేచి నిలబడ్డాడు. మూడు రోజులుగా తిండి లేని మనిషి, గోడ పట్టుకోవలసి వచ్చింది.

“ఒక్క మాట చెప్పు బావా. నీకు మా ఊరు తెల్వదా? లగ్గమైనంక మా ఇంట్ల ఆరు నెలలు ఉంటివి. ఆ వాగుల ఈత కొడితివి. కొంటా తాలూకల ఎవ్వని పేరు మరిచిపోయినా, మా ఊరి పేరు నీ చెయ్యి ఎట్ల మరిచింది?”

రామనర్సయ్య చేతిలోని తలపాగా మడతలు విప్పి మళ్ళీ మడిచాడు.

“నీ చెయ్యి కాదు గద మరిచింది! ఏదన్న పగ ఉన్నదా చెప్పు. మా చెల్లె పెండ్లిల ఏదన్న తక్కువ చేసిన్నా? ఎవడన్న నీకు—”

“నేను అన్నా.”

వెంకమ్మ గొంతు ఆమెకే కొత్తగా వినబడింది.

“నేను పిలిచిన. అందుకే ఆ పేరు పోయింది.”

*

ఆమె గడప మీద కూర్చుని చెప్పింది. చెబుతున్నంతసేపూ కొంగు అంచు దారాలు ఒక్కొక్కటే లాగుతూనే ఉంది.

“పోయినేడు ఆషాఢం. రామక్కకు జొరం తొమ్మిదో దినం. ఆ దినమే పట్టీ కావాలన్నరంట కచేరీల. బిడ్డ కాడ ఉండొచ్చని ఆయన కాయితాలు ఇంటికి తెచ్చుకుండు. పట్టపగలే. ఇగో, ఈ గడప కాడనే కూసోని రాస్తున్నడు. నేను లోపల బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న. అది ఊపిరి గుంజింది. మళ్ళ గుంజుతదని చూసిన. గుంజలే. ‘ఏమయ్యో’ అని ఒక్క కేక పెట్టిన. కలం అట్లనే పడేసి లేచొచ్చిండు.”

ముత్తయ్య గోడకి ఆనుకున్నాడు.

“పొద్దుగూకకముందే బిడ్డను మట్టిల పెట్టొచ్చినం. కచేరీ నుంచి మనిషొచ్చి ఈడ నిలబడ్డడు, పట్టీ కావాలని. ఆయన కాళ్ళు కడుక్కోని, మళ్ళ ఆ కాయితం ముందేసుకోని మిగిలిన ఊళ్ళు రాసిండు. లేచినప్పుడు చింతలనార్ కాడ ఉన్నడు. మళ్ళ కూసున్నప్పుడు కిష్టారం కాన్నుంచి మొదలుపెట్టిండు. నీ ఊరు ఆ నడుమల పోయింది అన్నా. నేను ఇంకొంచెం ఆగి కేకేసుంటే...”

“నోరు ముయ్యే,” అన్నాడు ముత్తయ్య. “పిచ్చిదానివా? బిడ్డ పోతుంటే కేకెయ్యకుంటరా?”

ఆ పాపకి ఈ అన్నాచెల్లెళ్ళ తల్లి పేరు పెట్టుకున్నారు. మూడేళ్ళు నిండలేదు. ఆ వార్త ఇప్పవాగు చేరేటప్పటికే పదిహేను రోజులైంది. ముత్తయ్య రాలేకపోయాడు. అప్పుడు వాగులు పొంగి దారులు లేవు.

“ఏడాదిన్నర. ఒక్కనాడన్న చెప్పకపోతివి.”

“ఏమని చెప్పాలె? నా బిడ్డ పోయింది, దాంతోనే నీ ఊరు కూడ పోయిందని కబురంపాల్నా?”

ముత్తయ్య వచ్చి గడప మీద ఆమె పక్కన కూర్చున్నాడు. చిన్నప్పుడు చేసినట్టు ఆమె తల తన భుజానికి ఆన్చుకున్నాడు. వెంకమ్మ ఏడవలేదు. ఏడుపు కన్నా ముందు ఏదో బరువు దిగింది.

కాసేపటికి అతనే అన్నాడు. “అన్నం ఉన్నదా?”

ఆమె కొంగు దులుపుకుని లేచింది. చిక్కుడుగింజల కూర, పొద్దుటి అన్నం. మూడు ఆకులు వేసింది. మాడ ముత్తయ్య పక్కన కూర్చుని, ఈసారి తలెత్తి అతన్ని చూశాడు. ముత్తయ్య మొదటి ముద్ద కలిపాడు.

“రా బావా. నువ్వు కూడ రా. ఎవ్వరి తప్పూ లేదు. మన నుదుట అట్లున్నది. తిందాం రా.”

రామనర్సయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రాలేదు. కూర్చోలేదు.

“బావా. ఆ ముద్ద కింద పెట్టు.”

ముత్తయ్య చెయ్యి గాలిలో ఆగిపోయింది.

“తిన్నంక చెప్దామనుకున్న. తినకముందే చెప్పాలె. వెంకమ్మ చెప్పింది నిజమే. కాని అది సగమే.”

“ఏంది సగం?” అంది వెంకమ్మ.

“ముద్ర పడకముందు పట్టీ మళ్ళ నా చేతికే వచ్చింది. సరిచూసి ఇమ్మన్నరు. బిడ్డ పదకొండో రోజు అయి కచేరీకి పోయిన మొదటి దినం. ఒక్కొక్క ఊరు మీద వేలు పెట్టుకుంట చూసిన. చింతలనార్ కింద కిష్టారం. ఇప్పవాగు లేదు. అప్పుడే చూసిన బావా.”

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది.

“ముద్ర ఎప్పుడు పడ్డది?” అన్నాడు ముత్తయ్య.

“ఆ తరవాత ఎనిమిది దినాలకు.”

“ఆ ఎనిమిది దినాలల్ల ఆ పేరు రాయాల్నంటే ఎన్ని సభలు కూసోవాలె?”

రామనర్సయ్య గుమ్మం చట్రం పట్టుకున్నాడు.

“ఏ సభా అక్కర్లేదు. ఒక్క కలం గీత.”

“మరి?”

“ఆ ప్రతి అప్పటికే పెద్దల బల్ల మీదికి పోయొచ్చింది. తప్పున్నదంటే, ఎవ్వరిదని అడుగుతరు. ఆ ముందు నెలల్నే ఒకణ్ని అట్ల తీసేసిండ్రు. బిడ్డ పోయింది, ఈ కొలువు కూడ పోతే వెంకమ్మ ఏమైతదో అనుకున్న. ఇంకోటి కూడ అనుకున్న. శాసనంలనే సవరణ ధార ఉన్నది గదా, తరవాతైనా మార్చుకోవచ్చు గదా అని. ఆ ధార తెలుగుల పెట్టింది నేనే. రెండు సభలు, ఆరు నెలలు, అన్నీ నా చేత్తో రాసినయే. ఎంత కష్టమో తెల్వక కాదు. ఏదో ఒక దారుందంటే, ఆ పొద్దుకు నోరు మూసుకునేటందుకు అది చాలింది.”

ముత్తయ్య ముద్దని ఆకులో పెట్టాడు. చెంబు అందుకుని, ఆకులోనే చెయ్యి కడిగాడు. మాడ కూడా కడిగాడు.

వెంకమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది.

“ఏమయ్యా,” అంది. కోపం లేదు ఆ గొంతులో. అందుకే రామనర్సయ్య ఉలిక్కిపడ్డాడు. “నేను కేకేసినందుకే పోయిందని ఏడుస్తుంటి. ఒక దినమా, రెండు దినాలా? నువ్వు పక్కనే ఉంటివి. ‘ఊకో, నీ తప్పేమున్నది’ అని నా ఈపు నిమిరితివి. ఒక్కనాడన్న, నీ వల్ల కాదే నా వల్లనే అని చెప్పబుద్ధి కాలేదా?”

ఎన్నో ధారల్ని ఒక భాష నుంచి ఒక భాషలోకి దాటించిన మనిషికి ఒక్క ముక్క దొరకలేదు.

*

సాయంత్రం ఎండ పెరట్లోంచి జారిపోయే వేళ రామనర్సయ్యే ముందు మాట్లాడాడు. గొంతు తగ్గించి, అరుగు మీదికి వంగి.

“పట్టీ ఇంకా నా గదిలనే ఉన్నది. రేపు పెట్టెలల్ల పెట్టి లక్క ఏస్తరు. రెండు వరసల నడుమ జాగా ఉన్నది బావా. పొద్దున్నే పోయి...”

“దొంగతనంగ రాస్తవా?”

“రాస్త. పట్టుకుంటే నన్నే పట్టుకుంటరు.”

“మొదటి సభల అంతమంది చేతులెందుకెత్తిండ్రు? పట్టీల పేరు లేదని. ఆ మాట సభ చిట్టాల రాసుంటది గదా. లేదని ఒక కాయితం, ఉన్నదని ఒక కాయితం. అప్పుడు నిన్నొక్కణ్నే కాదు, మా నలభై ఇండ్లోళ్ళను పట్టుకుంటరు, మేమే రాయించినమని.” ముత్తయ్య తల అడ్డంగా తిప్పాడు. “నువ్వు రాయాల్సిన దినం ఒకటుండె. అది పోయింది.”

“మరి నన్నేం చెయ్యమంటవు?”

“మాతోని రా. ఇప్పవాగుల జనమంతా సభ అవుతదని కూసున్నరు. ఆ నమ్మకంతోనే కల్లాలు కూడ ఆడనే చేసిండ్రు. ఇండ్లిడిచి గోదారి దిక్కు పోవాల్నో, ఉండి కొట్లాడాల్నో ఊరు కూసోని తేల్చుకోవాలె. అబద్ధం మీద కూసోని ఏం తేల్చుకుంటది? నువ్వొచ్చి అందరి ముంగట నిలబడు. ఏం జరిగిందో నీ నోటితో చెప్పు. ఎట్ల పోయింది, ఎప్పుడు చూసినవు, ఎందుకు ఊకున్నవు. మా కట్టుల తప్పును దిద్దేటందుకు మొదటి పని అదే. చెప్పినంక వాళ్ళు ఏమన్న అననీ. పక్కన నేనుంట.”

“రేపు పొద్దున కచేరీల పేర్లు పిలుస్తరు బావా.” అన్నాడు రామనర్సయ్య. “కొత్త సర్కారుల ఎవ్వరిని ఉంచాలె, ఎవ్వరిని తీసెయ్యాలె అనేది రేపే. పిలిచినప్పుడు పలకకుంటే పేరు కొట్టేస్తరు. ఇరవై ఏండ్ల కొలువు. నాలుగు దినాలాగు. పేరు ఎక్కిచ్చుకోని నేనే వస్త.”

“నాలుగు దినాలు,” అన్నాడు ముత్తయ్య. “అప్పుడు కూడ ఎనిమిది దినాలుండె.”

గొంగడి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

*

తెల్లవారి వెంకమ్మ రెండు చీరలు మూట కట్టింది. అటుకుల మూట ఒకటి వేరే కట్టింది. బయటికి వచ్చేసరికి రామనర్సయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. కోటు వేసుకున్నాడు. కచేరీకి తయారయ్యాడో, దారికి తయారయ్యాడో ఆమెకి తెలియలేదు.

“నేను పోతున్న,” అంది. “నువ్వు చెప్పనిది నేను చెప్త.”

“ఏమని చెప్తవు?”

“ఇంకా తెల్వదు.”

“వెంకమ్మా...”

“పేర్లు ఎన్ని గంటలకు పిలుస్తరు?”

“తొమ్మిదికి.”

“లారీ కూడ అప్పుడే అంట.”

అతను ఆమె మూట వంక చూశాడు. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. వెంకమ్మ ఆ గడప మీదుగా, అతని మోకాలు తగలకుండా, అడుగు బయటికి వేసింది.

కొంటా పోయే ఉప్పు లారీ బజారులో నిలబడి ఉంది. ముత్తయ్య, మాడ ముందే ఎక్కి బస్తాల నడుమ చోటు చేశారు. ముత్తయ్య చెయ్యి అందించి చెల్లెల్ని పైకి లాగాడు. ఆమె వెనక ఇంకెవరైనా వస్తున్నారా అని అతని కళ్ళు ఒకసారి వీధిలోకి వెళ్ళి వచ్చాయి. అడగలేదు.

“అక్కా,” అన్నాడు మాడ మెల్లగా, “ఊరోళ్ళకు ముందు ఏ మాట చెప్తవు? పిల్ల మాటా, ఆ ఎనిమిది దినాల మాటా?”

వెంకమ్మ బస్తాకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. పిల్ల మాట ముందు చెబితే ఊరంతా ఏడుస్తుంది, క్షమిస్తుంది. ఎనిమిది దినాల మాట ముందు చెబితే పిల్ల మాట ఎవరి చెవికీ ఎక్కదు. రెండూ నిజమే. ఏది ముందు చెబితే అదే అతని బతుకు కాబోతోంది.

లారీ కదిలింది. బజారు దాటి కచేరీ వీధిలోకి తిరిగింది. కచేరీ ఆవరణ నిండా మనుషులు. మెట్ల మీద ఒకాయన కాగితం ముఖానికి దగ్గరగా పట్టుకుని పేర్లు చదువుతున్నాడు. కింద గుమాస్తాలు వరసగా నిలబడ్డారు. మంచులో అందరి వీపులూ ఒక్కలాంటి నల్లకోట్లే.

“రామనర్సయ్య! తెలుగు తర్జుమా!”

వెంకమ్మ చటుక్కున లేచి నిలబడింది. లారీ చెక్క పట్టుకుని ఆ వీపుల్ని ఒక్కొక్కటే వెతికింది. ముత్తయ్య కూడా లేచాడు.

ఎవరూ పలకలేదు.

“రామనర్సయ్య!” రెండో పిలుపు, ఇంకొంచెం గట్టిగా.

“ఆపమందామా అక్కా?” అన్నాడు మాడ.

ఆమె ఇంకా ఆ వీపుల్నే వెతుకుతోంది. లారీ కొంటా రోడ్డు మలుపు తిరిగింది. కచేరీ గోడ అడ్డం వచ్చింది. మూడోసారి పిలిచారో, ఈలోగా ఎవరైనా పలికారో, ఇంజను హోరులో వెంకమ్మకి వినబడలేదు.